వాకిటి సిమెంటు బాట

వీథినుండి ఇంటి గుమ్మమువఱకు బండియు ట్రాక్టరును వచ్చుటకు సిమెంటు కాంక్రీటుతో బాట వేయించుటను గూర్చియు, చెడిపోయిన పాతబాటను తీసివేసి క్రొత్తది వేయించుటను గూర్చియు నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఇది స్వల్పవిషయమని కొందఱు తలపవచ్చును. కాని 10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, ఆఱంగుళముల మందము గల బాటకు సుమారు 34 బస్తాల సిమెంటు పట్టును. ఇసుక 63 ఘనపుటడుగులును, కంకర 126 ఘనపుటడుగులును కావలెను. కూలియు కలిపి చూచుకొన్నచో చిన్నరైతు ఒక పంటపై మిగుల్చుకొన్న సొమ్ము ఒక్కదినములో నేలపాలగును. ఆ సొమ్ము తరమంతయు నిలుచునా, మూడు వానలకు చెడునా యనుట వేయించువాని చూపుపై నాధారపడియున్నది.

నా సంగతియే ముందు చెప్పుకొందును. నేను రహదారుల పనులలో ముప్పదియేండ్లు గడపి విశ్రాంతి గైకొన్నవాడను. ఊరూరి బాటలకు లెక్కలు కట్టిన నేను నా యింటి బాటను చెడగొట్టుకొంటిని. మాది గుంటూరు సీమలో నల్లరేగడి గ్రామము. 2011 వేసవిలో మా అమ్మాయి పెండ్లి నిశ్చయమైనది. తొలకరి పడినచో మగపెండ్లివారు బురదలో దిగవలసివచ్చునని వాకిట సిమెంటు బాట తలపెట్టితిమి. నాకు సెలవు దొరకలేదు. "మీరు రానక్కరలేదు బాబాయిగారూ, రెండు రోజుల్లో అద్దంలా చేసి పెడతాను" అని మేస్త్రి మాట యిచ్చెను. ఇచ్చిన మాట తప్పలేదు. రోహిణికార్తె యెండలో, పైమట్టి చెక్కిన రేగడినేలమీదనే, జారుగా కలిపిన కాంక్రీటు పోసి, పైన పొడిసిమెంటు చల్లి, తాపీతో నిగనిగలాడునట్లు రుద్దెను. ఆఱవనాడు పందిరిసామాను లారీ దానిమీదికి వచ్చినది. పెండ్లికి వచ్చినవారందఱును వాకిలి బాగున్నదనిరి.

రెండవయేట బీటలు కనబడెను. నాలుగవయేట నడిమి పలక క్రుంగి, వీథికి పోవలసిన వాననీరు గుమ్మమువైపునకు మరలెను. నీరు నిలిచినచోట పాచి పట్టెను. 2022 శ్రావణమాసమున, తెల్లవాఱుజామున పాలకేంద్రమునకు బోవుచు మా పెద్దన్నగారు, 78 ఏండ్లవారు, ఆ నున్నని పలకమీద జాఱిపడిరి. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగినది. ఆఱునెలలు మంచమున నుండిరి. మేస్త్రిని నేను నిందింపను. తొందరపడినది నేను, మెఱుగు కోరినది నేను, దగ్గఱనుండి చూడనిది నేను. 2023లో ఆ బాటను పగులగొట్టించి క్రొత్తది వేయించునప్పుడు మాత్రము నేను కదలలేదు. అన్నగారు అరుగుమీద కుర్చీ వేయించుకొని కూర్చుండిరి. ఆయనకు నేనొక పని యప్పగించితిని. అది నీళ్లు లెక్కించుట.

ఏలయన, సిమెంటు బాట బాగోగులు చాలవఱకు నీటిమీదనే నడచును. బాట క్రిందికి చేరిన నీరు దానిని విఱుచును. కలుపునప్పుడు మితిమీఱిన నీరు దానిని బలహీనము చేయును. వేసిన తరువాత పైన నిలిపిన నీరు దానిని పెంచి పోషించును. మన మేమి చేయుచున్నాము? క్రింది నీటిని తలపోయము, కలుపునప్పుడు ధారాళముగా పోయుదుము, తీరా పోయవలసిన దినములలో ఆఱిపోవలెనని యెండబెట్టుదుము.

సిమెంటు ఆఱి గట్టిపడుననుట చాలమంది నమ్మకము. మట్టిగోడ నెఱుగుదుము కావున అట్లు తోచును. మట్టి ఆఱినచో గట్టిపడును, తడిసినచో మరల మెత్తబడును. సిమెంటు అట్టిది కాదు. సున్నపుఱాతిని బంకమన్నుతో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చి, వచ్చిన గడ్డలను కొంచెము జిప్సముతో నూఱినచో సిమెంటగును. నీరు తగిలినతోడనే ఆ పొడి నీటిని తనలో కలుపుకొని క్రొత్త పదార్థముగా మాఱనారంభించును. కంటికి కానరాని సన్నని స్ఫటికములు పుట్టి, ఒకదానినొకటి పెనవేసికొని, ఇసుకను కంకరను పట్టివేయును. అప్పుడు వేడియు పుట్టును. ఇది నీటితో జరుగు మార్పే కాని నీరు పోవుటచే కలుగు మార్పు కాదు. కావుననే వంతెనల స్తంభముల కాంక్రీటు ఏటిలో మునిగియుండియు గట్టిపడును. నీరు ఎండిపోయిన గడియనుండి ఆ మార్పు ఆగిపోవును. ఆకలి తీరకమునుపే విస్తరి ముందఱనుండి లేపివేసిన పిల్లవానివలె ఆ కాంక్రీటు బలహీనముగానే నిలిచిపోవును.

ఈ పదార్థమునకు ఇంగ్లండులో 1824లో జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీపనివాడు హక్కుపత్రము పొంది, పోర్ట్‌లండు ఱాతిని బోలియున్నదని పోర్ట్‌లండు సిమెంటని పేరు పెట్టెను. అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందలి బెల్‌ఫౌంటెన్ అను చిన్న పట్టణమున 1891లో జార్జి బార్తొలోమ్యూ సిమెంటు కాంక్రీటుతో వీథి వేసెను. గుఱ్ఱపుబండ్ల కాలమున వేసిన ఆ పనిలో కొంతభాగము నూఱేండ్లకు పైగా నిలిచినది. మా బాట పదునొకండేండ్లకే మనిషిని పడగొట్టినది. తేడా సిమెంటులో లేదు.

మొదట నేల సంగతి. నల్లరేగడి గుణము మీకు నేను చెప్పనక్కరలేదు. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి చేతికఱ్ఱ దిగునంత లోతగును. వాన కురిసినచో ఉబ్బి మూసికొనును. అనగా ఆ నేల యేటేట పైకి లేచుచు క్రిందికి దిగుచు నుండును. దానిమీద వేసిన పలక ఒకచోట లేచి మఱియొకచోట ఆధారము లేక వ్రేలాడుచుండగా, ట్రాక్టరు చక్రము మోపినచో విఱుగక యేమగును? సిమెంటు ఎక్కువ పోసినను ఇది ఆగదు. రేగడిని అడుగున్నర మొదలు రెండడుగుల వఱకు త్రవ్వి తీసివేసి, ఎఱ్ఱ గరపమట్టి, అనగా మొరము, నింపవలెను. ఒక్కసారిగా నింపరాదు. ఆఱంగుళముల వరుసగా పఱచి, తడిపి, దిమ్మిస కొట్టి, అటుపిమ్మట పైవరుస వేయవలెను. అన్నియు అయిన తరువాత నిండుబరువు ట్రాక్టరును దానిపై మెల్లగా నడిపించి చూడుడు. చక్రపుజాడ లోతుగా దిగినచోట మరల త్రవ్వి దట్టింపవలసినదే. ఇసుకనేలలయందును గరపనేలలయందును ఇంత శ్రమ లేదు. పైమట్టిని, వేళ్లను తీసివేసి దట్టించిన చాలును.

ఇచట చెప్పవలసిన చిన్నమాట యొకటి. బాట వేయుటకు ముందే దాని క్రింద అడ్డముగా రెండు ప్లాస్టికు గొట్టములు వేసి కొనలు మూసియుంచుడు. రేపు కుళాయి కావలెనన్నను, కరెంటు తీగ కావలెనన్నను పలక పగులగొట్టు పని తప్పును. మా యూరిలో వేసిన నెలలోపల పగులగొట్టిన బాటలు మూడింటిని నేనెఱుగుదును.

పాతబాట యున్నవారు దానినే పూడ్చి సరిపెట్టుకొనవచ్చునా యని యడుగుదురు. పలకలు క్రుంగక, కదలక, పైచర్మము మాత్రమే లేచినచో పూడ్చుకొనవచ్చును. పలక క్రుంగినదైనచో బీటలలో సిమెంటు మెత్తుట వ్యర్థము, ఏలయన కదలిక క్రిందనున్నది. పాతదానిమీదనే అంగుళము రెండంగుళముల క్రొత్తపూత వేయుట మఱియు వ్యర్థము. అది పెచ్చులుగా లేచిపోవును. అదియునుగాక మట్టము పెరుగును. ఉపాధి హామీ నిధులతోడను ఇతర నిధులతోడను మన గ్రామములలో సిమెంటు వీథులు పడినపుడు చాలచోట్ల పాతదానిమీద క్రొత్తది పేర్చుటచే వీథి గుమ్మముకంటె ఎత్తైనది. అట్టి యిండ్లలో వాననీరు నడవలోనికి వచ్చుటను చూచియే యున్నారు.

కావున త్రవ్వకము మొదలుపెట్టకమునుపే నీరు ఎటు పోవలెనో నిర్ణయింపవలెను. అడుగుకు పావంగుళము చొప్పున వీథివైపునకు వాలు ఇచ్చినచో నీరు నిలువదు. 30 అడుగులకు ఏడున్నర అంగుళములు. దీనిని కంటిచూపుతో నిర్ణయింపరాదు. రసమట్టముతోనో, నీరు నింపిన పారదర్శక గొట్టముతోనో చూచి మేకులు పాతి దారము కట్టవలెను. వీథియే ఎత్తుగా నున్నచో గుమ్మమునకు రెండు మూడడుగుల ముందఱ అడ్డముగా చిన్న కాలువ తీసి, పైన ఇనుప జల్లెడ పఱచి, ఆ నీటిని వీథి మురుగుకాలువలోనికి మళ్లింపవలెను. ప్రక్కయింటివాని గోడవైపునకు వాలు పెట్టుట సులభమే. దానివలన వచ్చు తగవు మీ యొద్దకే తీర్పునకు వచ్చును. వీథి ప్రక్క మురుగుకాలువను కాంక్రీటుతో పూడ్చివేయుటయు తగదు. దానిపై తీయుటకు వీలైన పలకలు వేసినచో పూడిక తీసికొనవచ్చును.

అరుగుమీదికి ఎక్కుటకు ఏటవాలుబాట కావలెనన్నచో అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవుండవలెను. చక్రముల కుర్చీని ఒకరు తోసికొనిపోవుటకు ఇది తగిన కొలత. మన యిండ్లలో అడుగు ఎత్తునకు మూడడుగుల వాలు వేసి మోటారుసైకిలు ఎక్కినచో చాలునని తృప్తిపడుదురు. మనకు వయసు మళ్లుచున్నదను సంగతి ఆ లెక్కలో చేరదు.

మందము విషయమున, కారు మాత్రమే వచ్చుచోట నాలుగంగుళములు చాలును. ధాన్యపుబస్తాల ట్రక్కుతో ట్రాక్టరు వచ్చుచోట ఆఱంగుళములు కావలెను. పొడవంతయు ఒకేపలకగా పోసినచో అది తనకు తోచినచోట వంకరగా బీటలువాఱును, ఏలయన కాంక్రీటు గట్టిపడుచు కొంచెము ముడుచుకొనును. ఆ బీట ఎక్కడ పడవలెనో మనమే నిర్ణయించుట మేలు. పది, పండ్రెండు అడుగుల కొకటిగా అడ్డగీతలు మందములో నాలుగవవంతు లోతున కోయించినచో బీట ఆ గీత అడుగుననే పడి కంటికి కనబడదు. కోయుట ఆ దినముననో మఱునాటి యుదయముననో జరుగవలెను. వారము గడచిన పిదప కోసినచో బీట అదివఱకే పడియుండును. ఇంటిగోడకును బాటకును నడుమ అరంగుళపు సందు విడిచి మెత్తని అట్టవంటిది నిలుపవలెను. ఇనుపవల వేయువారు దానిని నేలమీద పఱచి పైన కాంక్రీటు పోయుట నేను పలుచోట్ల చూచితిని. అడుగున పడియున్న ఇనుము అక్కఱకు రాదు. చిన్న సిమెంటు దిమ్మెలపై నిలిపి, మందములో పైమూడవవంతున ఉండునట్లు చూడవలెను.

ఇప్పుడు కలుపుట. మా అన్నగారి లెక్క ఇచటనే మొదలైనది. 50 కిలోల బస్తా సిమెంటు ఒకటింపావు ఘనపుటడుగు. ఆ కొలతకు చెక్కపెట్టె యొకటి చేయించుకొనుడు. బస్తాకు ఇసుక పెట్టెన్నర, ముప్పావంగుళపు కంకర మూడుపెట్టెలు. తట్టలతో కొలిచినచో ఉదయపు తట్టయు సాయంకాలపు తట్టయు ఒకటి కావు. ఇసుక తడిగా నున్నపుడు ఉబ్బి ఎక్కువ చోటాక్రమించును కనుక కొంచెము హెచ్చుగా పోయవలెను. మూడునెలలు దాటిన సిమెంటు బలము తగ్గును. బస్తాలో గడ్డలు కట్టినదానిని బాటకు వాడరాదు. ఇసుకలో ఒండ్రుమట్టి యున్నదో లేదో తెలిసికొనుటకు గాజుసీసాలో సగము ఇసుక, పైన నీరు పోసి బాగుగా కుదిపి మూడుగంటలు కదల్పక యుంచుడు. ఇసుకపై తేరిన మెత్తని మట్టి నూటికి ఎనిమిదిపాళ్లకు మించినచో ఆ యిసుకను కడుగవలెను, లేదా వేఱొకటి తేవలెను. రోబో ఇసుకయని పిలుచు ఱాతియిసుకయు బాటకు పనికివచ్చును. క్వారీధూళి వేఱు, అది వేఱు. సముద్రపుటిసుక మాత్రము ఇనుమున్నచోట తగదు, ఉప్పు ఇనుమును తినివేయును.

నీరు బస్తాకు 25 లీటర్లు. పది లీటర్ల బకెట్టుతో రెండున్నర బకెట్లు. ఇసుక తడిగా నున్నచో ఇంకను తగ్గింపవలెను. ఏది యేమైనను 30 లీటర్లు దాటరాదు. వాస్తవమునకు 50 కిలోల సిమెంటు తనలో కలుపుకొను నీరు 12 లీటర్లకు మించదు. తక్కినది కలుపుటకును పఱచుటకును వీలు కొఱకే. ఆ తక్కిన నీరు తరువాత ఆవిరియై పోయి, తాను నిలిచినచోటులను సన్నని రంధ్రములుగా విడిచిపోవును. నీరు ఎక్కువైనకొలది రంధ్రము లెక్కువ, బలము తక్కువ. ఈ సంబంధమును 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అను నింజనీరు ప్రయోగములతో నిరూపించెను. నేటికిని ఇంజనీర్లు ఆ సూత్రమునే పాటింతురు. పిడికిట పట్టి నొక్కినచో ముద్దగా నిలిచి, వ్రేళ్లసందున నీరు కాఱకుండవలెను. ఇది ఇంటియొద్ద చూచుకొను పరీక్ష.

మూడవ కలుపునకే మిల్లరు నొద్దనున్నవాడు నాల్గవ బకెట్టు ఎత్తెను. అరుగుమీదినుండి అన్నగారు చేతికఱ్ఱ యెత్తిరి. "ఏమిరా, రెండున్నర అయింది గదా?" "జారుగా ఉంటే తొందరగా పోతుంది పెద్దయ్యగారూ, తట్టలు మోసేవాళ్లకు తేలిక." "జారితే ఏమవుతుందో నాకు తెలుసులే, దింపు" అని ఆయన యనగా అందఱును నవ్విరి. బకెట్టు దిగినది. కాని ఆ కూలివాని మాటలో న్యాయము లేకపోలేదు. గట్టిగా కలిపిన కాంక్రీటును పఱచుట శ్రమ. అందులకు నీరు మందు కాదు. ఇంకొక యిద్దఱిని పనిలో పెట్టవలెను. కూలి మిగుల్చుకొనుటకు నీరు పోయించువాడు సిమెంటు వెలను పోగొట్టుకొనును.

పని వేకువనే మొదలుపెట్టి యెండ ముదురకమునుపే ముగింపుడు. కార్తికము మొదలు మాఘమువఱకు మంచికాలము. పోయుటకు ముందు క్రిందినేలను తడుపవలెను, గుంటలలో నీరు నిలువరాదు. పోసినదానిని అంచులలో కఱ్ఱతో బాగుగా కుమ్మి, బద్దతో లాగి చదును చేయవలెను. అటుపిమ్మట పైకి నీరు తేరును. ఆ నీరుండగా తాపీ వేయరాదు, దానిని పీల్చుటకని పొడిసిమెంటు చల్లరాదు. చల్లినచో పైన పలుచని పొర యేర్పడి ఏడాదిలో పొట్టువలె లేచును. నీరు తనంతట పోయిన తరువాత ఒక్కసారి చదును చేసి, గట్టి చీపురుతో అడ్డముగా గీతలు పడునట్లు లాగింపుడు. ఆ గరుకుదనమే కాలికి పట్టు. మా యింటివారు మొదట నిరాకరించిరి, వాకిలి బండగా నున్నదనిరి. సంక్రాంతికి ముగ్గువేసి చూచిన పిమ్మట నున్నని నేలమీదికంటె పిండి ఇక్కడ నిలుచుచున్నదని ఒప్పుకొనిరి.

కూలివారిని గూర్చి ఒకమాట. తడిసిమెంటు సున్నమువలె చర్మమును కాల్చును. గంటలకొలది అందులో వట్టికాళ్లతో నిలిచినవారికి సాయంకాలమునకు పుండ్లు పడును. రబ్బరుబూట్లు తెప్పింపుడు. అప్పుడప్పుడు కాళ్లు చేతులు కడుగుకొనుటకు మంచినీళ్ల తొట్టి పెట్టింపుడు. కంటబడినచో వెంటనే చాలసేపు నీటితో కడిగి వైద్యునియొద్దకు పంపవలెను.

పోయుట ఒక్కదినపు పని. తరువాత పదునాలుగు దినముల పని యున్నది, దానికే మేస్త్రి యుండడు. వ్రేలితో నొక్కినచో గుర్తు పడనంతగా బిగిసిన వెంటనే తడి గోనెపట్టలు కప్పుడు. మఱునాటి యుదయమున అంచులవెంట మట్టితో గట్లు వేసి మడులుగా చేసి రెండంగుళముల నీరు నిలుపుడు. వాలు ఎక్కువగానున్నచోట నీరు నిలువదు కనుక వరిగడ్డి మందముగా పఱచి ఎప్పుడును తడిగా నుంచవలెను. పగలు రెండుసార్లు బిందెతో చల్లి మధ్యాహ్నమెల్ల ఎండనిచ్చుట తడుపుట కాదు. నారుమడిని కనిపెట్టినట్లు కనిపెట్టవలెను. ఏడుదినములకు దాని బలము సుమారు మూడింట రెండువంతులకు చేరును. 28 దినముల బలమును పూర్తిబలముగా లెక్కింతురు. ఒకదినము గడచిన పిదప మనుష్యులు నడువవచ్చును. వారము వఱకు మోటారుసైకిలు, నాలుగువారముల వఱకు ట్రాక్టరు రాకూడదు. మా బాటకు అడ్డముగా వెదురుకఱ్ఱ కట్టితిమి. కాని పొరుగింటి మేకపిల్లకు ఆ కఱ్ఱ అడ్డము కాలేదు. దాని నాలుగు గిట్టల జాడలు వీథిచివర నేటికిని స్పష్టముగా నున్నవి.

పగులగొట్టిన పాతపలకలను పిడికెడు ముక్కలుగా కొట్టించి, గొడ్లపాకకు పోవుదారిలో పఱచి మొరము దట్టించితిమి. ఆ దారిలో ఇప్పుడు బురద లేదు. 28వనాడు ధాన్యపు ట్రాక్టరు క్రొత్తబాటమీదుగా లోనికి వచ్చినది. అన్నగారు చేతికఱ్ఱతో ఆ చివరనుండి ఈ చివరకు నడచి, వాలు బాగుగానే యున్నదనియు, గుమ్మము ప్రక్క పట్టుకొనుటకు ఇనుపకమ్మి యొకటి కావలెననియు చెప్పిరి. మఱువారము అదియు వేయించితిని.